సైకిలెక్కిన ఆడపిల్లలు

సైకిలు మనకి కొత్త కాదు. పాల క్యాన్లు కట్టుకుని పోయే సైకిళ్ళు చూస్తాం. బడికి పోయే పిల్లల సైకిళ్ళు చూస్తాం. సైకిలుకి పెట్రోలు అక్కర్లేదు. గడ్డి, దాణా అక్కర్లేదు. గాలి కొట్టి, చైనుకి చుక్క నూనె వేస్తే చాలు. పేదవాడి బండి అది.

అలాంటి సైకిలంటే ఎవరికైనా భయం ఉంటుందా?

ఉంటుంది. ఆడపిల్ల సైకిలెక్కితే లోకం చెడిపోతుందని భయపడేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళ చేతిలో చిక్కిన దేశం అఫ్గానిస్తాన్. అక్కడి ఆడపిల్లలు కొందరు సైకిలు ఎలా నేర్చుకున్నారు? ఎందుకు దేశం విడిచిపోయారు? సైకిలు వాళ్ళకి ఏమిచ్చింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆ దేశం సంగతి

పాకిస్తాన్‌కి అవతల ఉంది అఫ్గానిస్తాన్. అది కొండల దేశం. రాజధాని కాబూల్. మనం పులిహోరలో వేసుకునే ఇంగువకి ముడిసరుకు అక్కడినుంచి కూడా వస్తుంది. ఎండు ద్రాక్ష, అంజూర పండ్లు కూడా వస్తాయి. నలభై ఏళ్ళకి పైగా ఆ దేశం యుద్ధాలతో నలిగింది.

1996లో తాలిబన్లు అనేవాళ్ళు కాబూల్‌ని పట్టుకున్నారు. తుపాకీ పట్టుకుని, మతం పేరు చెప్పి పాలించారు. ఆడపిల్లల బడులు మూయించారు. ఆడవాళ్ళని ఉద్యోగాలు మానిపించారు. ఇంటి మగవాడు తోడు లేకుండా ఆడది గడప దాటకూడదన్నారు. దాటితే కొట్టారు.

ఇది మతమేనా? కాదు. ఇది మత ఛాందసం. బంగ్లాదేశ్‌లోనూ, ఇండోనేషియాలోనూ ఎక్కువమంది ముస్లింలే. అక్కడ ఆడవాళ్ళు చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు. దేశాన్ని కూడా పాలించారు. ఛాందసం ఏ మతంలోనైనా పుట్టగలదు. ఎక్కడ పుట్టినా అది ముందు చేసే పని ఒకటుంది. ఆడదాని నడకకి అడ్డం పడుతుంది.

2001 చివరికి తాలిబన్లు గద్దె దిగారు. ఆడపిల్లలు మళ్ళీ బడికి వెళ్ళారు. కొందరు బంతి ఆటలు ఆడారు. కొందరు సైకిలెక్కారు.

తెల్లవారుజామున సాధన

మాసూమా అలీ జాదా 1996లో పుట్టింది. యుద్ధం వల్ల ఆమె కుటుంబం పక్కదేశం ఇరాన్‌కి వలసపోయింది. అక్కడే చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంది. తర్వాత కుటుంబం కాబూల్‌కి తిరిగి వచ్చింది. మాసూమా దేశపు మహిళా సైకిలు జట్టులో చేరింది.

ఊళ్ళో సాధన చెయ్యడం కష్టం. అందుకని జట్టు అమ్మాయిలు సైకిళ్ళని కారు మీద కట్టుకుని ఊరి బయటి రోడ్డుకి వెళ్ళేవాళ్ళు. జనం లేవకముందే తొక్కేవాళ్ళు. తల మీద గుడ్డ, దాని మీద టోపీ. చేతులకీ కాళ్ళకీ నిండా బట్టలు. అయినా జనం ఊరుకోలేదు. తిట్టారు. రాళ్ళు విసిరారు. ఒకసారి ఒకడు కావాలనే మాసూమాని కారుతో గుద్దాడు.

2016లో ఈ జట్టు పేరుని నోబెల్ శాంతి బహుమతికి సూచించారు. అదే ఏడు ఫ్రాన్సులో మాసూమా మీద, ఆమె చెల్లెలి మీద ఒక సినిమా వచ్చింది. అది కథ సినిమా కాదు. ఉన్నది ఉన్నట్టు చూపించే సినిమా. పేరు వచ్చింది. పేరుతో పాటు బెదిరింపులూ పెరిగాయి. ఇక అక్కడ ఉండలేక 2017లో ఆ కుటుంబం ఫ్రాన్సు చేరింది. అలా ప్రాణభయంతో వేరే దేశంలో తలదాచుకునేవాళ్ళని శరణార్థులు అంటారు.

కొత్త దేశం. కొత్త భాష. మాసూమా ఆ భాష నేర్చుకుంది. లీల్ అనే ఊళ్ళో కాలేజీలో చేరింది. వంతెనలు, ఇళ్ళు కట్టే ఇంజినీరు చదువు చదివింది. సైకిలు మాత్రం మానలేదు. అక్కడ ఎవరూ రాళ్ళు వెయ్యలేదు.

చివర వచ్చినా గెలుపే

నాలుగేళ్ళకి ఒకసారి ప్రపంచ దేశాలన్నీ కలిసి ఆడే ఆటల పండుగని ఒలింపిక్స్ అంటారు. కరోనా వల్ల 2020లో జరగాల్సిన ఆటలు 2021లో జరిగాయి. జపాన్‌లో టోక్యో నగరం ఆ ఆటలకి వేదిక. దేశం లేని శరణార్థులకి అక్కడ ఒక జట్టు ఉంది. మాసూమా ఆ జట్టు తరఫున వెళ్ళింది.

2021 జూలై 28న ఆమె పందెం. దూరం 22 కిలోమీటర్లు. ఈ పందెంలో ఒక్కొక్కరే బయలుదేరతారు. ముందు ఎవరూ ఉండరు. పక్కన ఎవరూ ఉండరు. గడియారంతోనే పోటీ. మాసూమా తలగుడ్డ కట్టుకునే తొక్కింది. 25 మంది పోటీ పడ్డారు. ఆమెకి 25వ స్థానం వచ్చింది.

చివర వచ్చింది కదా, ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. తెల్లవారకముందే ఊరు దాటి దొంగచాటుగా తొక్కిన పిల్ల ఆమె. ఇప్పుడు పట్టపగలు, లోకమంతా చూస్తుండగా తొక్కింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో శరణార్థుల జట్టు మొత్తానికి ఆమే పెద్దగా వెళ్ళింది. ఆ జట్టులో 37 మంది ఉన్నారు.

దొంగ పేర్లతో పందెం

అఫ్గానిస్తాన్‌లో ఫార్యాబ్ అనే మారుమూల జిల్లా ఉంది. ఫరీబా, యుల్దుజ్ అనే అక్కచెల్లెళ్ళది ఆ ప్రాంతం. ఇంటిపేరు హాషిమీ. యుల్దుజ్ అక్క. ఫరీబా చెల్లెలు.

ఒకసారి ఆ చుట్టుపక్కల సైకిలు పందెం పెట్టారు. అక్కకి 17 ఏళ్ళు, చెల్లెలికి 14. ఇద్దరికీ సైకిలు లేదు. పొరుగువాళ్ళది అడిగి తెచ్చుకున్నారు. ఒక్క మధ్యాహ్నంలో నేర్చుకున్నారు. ఇంట్లో తెలిస్తే ఒప్పుకోరు. అందుకని దొంగ పేర్లు రాయించారు. వదులు బట్టలు వేసుకుని, పెద్ద తలగుడ్డలు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. తొక్కారు. తర్వాత పందేలు గెలవడం మొదలుపెట్టారు.

సంగతి ఇంట్లో తెలిసింది. తల్లిదండ్రులు బాధపడ్డారు. మానెయ్యమన్నారు. పిల్లలు మానలేదు. బయట రాళ్ళు తగిలాయి. కొందరు రిక్షాలు, కార్లు మీదికి తోలారు. అయినా మానలేదు. ఇద్దరూ దేశపు జట్టుకి ఎక్కారు.

అంతలో పిడుగు పడింది. 2021 ఆగస్టు 15న తాలిబన్లు మళ్ళీ కాబూల్‌ని పట్టుకున్నారు. మాసూమా టోక్యోలో తొక్కి అప్పటికి 18 రోజులే అయింది. ఆడవాళ్ళ ఆటలన్నీ ఆగిపోయాయి. భయంతో ఆటల బట్టలు కాల్చేసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఆ అక్కచెల్లెళ్ళకి ఇటలీలో ఒకామె అండ దొరికింది. ఆమె పేరు అలెస్సాంద్రా కాపెలోట్టో. 1997లో సైకిలు పందెంలో ప్రపంచ విజేత. ఆమె సాయంతో వాళ్ళిద్దరూ, తోటి సైకిలు అమ్మాయిలు కొందరూ విమానమెక్కి ఇటలీ చేరారు. ప్రపంచ సైకిలు సంఘం కూడా ముందుకొచ్చింది. సైకిలు తొక్కేవాళ్ళతో పాటు ఇంకా చాలామందిని, మొత్తం వందమందికి పైగా ఆ దేశం దాటించింది.

ప్రాణం దక్కింది. కానీ ఇల్లు పోయింది. ఊరు పోయింది. అయినవాళ్ళు వెనక ఉండిపోయారు. స్వేచ్ఛకి ఆ పిల్లలు కట్టిన ధర చిన్నది కాదు.

పరాయి దేశంలో సొంత పందెం

స్విట్జర్లాండ్ అనే దేశంలో ఏగ్ల్ అనే చిన్న ఊరుంది. ప్రపంచ సైకిలు సంఘం ఆఫీసు అక్కడే ఉంది. 2022 అక్టోబరు 23న ఆ ఊళ్ళో ఒక వింత జరిగింది. అఫ్గానిస్తాన్ మహిళల సైకిలు పందెం అక్కడ పెట్టారు. సొంత దేశంలో పెట్టుకునే దారి లేదు మరి!

ఎక్కడెక్కడో తలదాచుకున్న అమ్మాయిలు దాదాపు 50 మంది వచ్చారు. ఏడాది కిందట చెల్లాచెదరైనవాళ్ళు మళ్ళీ కలుసుకున్నారు. తమ భాషలో మాట్లాడుకున్నారు. 57 కిలోమీటర్లు తొక్కారు. ఫరీబా మొదట వచ్చింది. యుల్దుజ్ రెండోది. ఈసారి దొంగ పేర్లు లేవు. నల్లకళ్ళద్దాల చాటు లేదు.

2024లో ఈ అక్కచెల్లెళ్ళు పారిస్ ఒలింపిక్స్‌కి వెళ్ళారు. అఫ్గానిస్తాన్ తరఫున వెళ్ళినవాళ్ళు ఆరుగురు. ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురు మగవాళ్ళు. తాలిబన్లు మాత్రం ఆ ముగ్గురు మగవాళ్ళనే ఒప్పుకుంటామన్నారు. ఆడవాళ్ళు తమ లెక్కలో లేరన్నారు. లెక్కలో లేని ఆడవాళ్ళే లోకం కళ్ళ ముందు దేశం పేరు నిలబెట్టారు.

గుంపు నడకలో గుట్టు

సైకిలు పందేల్లో ఒక గుట్టుంది. ఎదురుగాలిలో ఒక్కరే తొక్కితే తొందరగా అలిసిపోతారు. అందుకే దూరపు పందేల్లో గుంపుగా తొక్కుతారు. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంది. వెనక ఉన్నవాళ్ళకి గాలి తక్కువగా తగులుతుంది. శ్రమ బాగా తగ్గుతుంది. ముందున్న మనిషి అలిసిపోతే పక్కకి తప్పుకుని వెనక్కి వస్తుంది. ఇంకొకరు ముందుకి వెళ్తారు. ఇలా వంతులవారీగా గాలిని మోస్తారు. నాట్లప్పుడు బదులు పనికి పోయినట్టే ఇది.

ఛాందసం ఆడదాన్ని ఒంటరిని చేస్తుంది. నాలుగు గోడల మధ్య పెట్టి, పక్కింటి ఆడది ఏమనుకుంటోందో కూడా తెలియకుండా చేస్తుంది. సైకిలు ఆ పిల్లలకి రెండిచ్చింది. ఒకటి, తన ఇష్టంతో తాను కదిలే కాళ్ళు. రెండు, గాలికి అడ్డం నిలిచే తోడు. ఈ రెండూ ఉంటేనే స్వేచ్ఛ నిలుస్తుంది.

మన పక్కనే జరిగింది

సైకిలుకీ అక్షరానికీ మన దగ్గరా చుట్టరికం ఉంది. తమిళనాడులో పుదుక్కోట జిల్లా ఉంది. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్. చదువుతో పాటు ఆడవాళ్ళకి సైకిలు కూడా నేర్పాలని అక్కడ తలపెట్టారు. పలక పట్టినవాళ్ళు హ్యాండిలు కూడా పట్టారు.

మొదట్లో మగవాళ్ళు ఎగతాళి చేశారు. బూతులు అన్నారు. ఆడవాళ్ళు ఊరుకున్నారు గాని సైకిలు దిగలేదు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే ఎక్కారు. సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉండే కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు గదా అన్నారు. లక్షమంది దాకా నేర్చుకున్నారు. నీళ్ళు తెచ్చుకున్నారు. పంట సరుకు సంతకి చేర్చారు. బస్సు కోసం, మొగుడి కోసం ఎదురుచూసే పని తప్పింది. వాళ్ళలో ముస్లిం స్త్రీలు కూడా ఉన్నారు.

ఇంకా చీకట్లో ఉన్నవాళ్ళు

దేశం దాటినవాళ్ళు కొద్దిమందే. మిగిలినవాళ్ళ మాట ఏమిటి? 2021 నుంచి అఫ్గానిస్తాన్‌లో ఆడపిల్లలకి ఆరో తరగతితోనే చదువు ఆపేశారు. 2022 డిసెంబరులో కాలేజీల తలుపులూ మూశారు. 22 లక్షల మంది ఆడపిల్లలు చదువుకి దూరమయ్యారని 2025లో యునిసెఫ్ చెప్పింది. అది పిల్లల మంచిచెడ్డలు చూసే ప్రపంచ సంస్థ.

ఈ పాఠం చదువుతున్న అక్కలకి ఆ బాధ తెలుసు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసినప్పుడు మనసు ఎలా ఉంటుందో తెలుసు. బస్సు మీది పేరు చదవలేక పక్కవాళ్ళని అడిగినప్పుడు ఎలా ఉంటుందో తెలుసు. అక్షరం కూడా సైకిలు లాంటిదే. తొక్కుతుంటేనే నిలబడుతుంది. ఆపితే పడిపోతుంది.

కొత్త మాటలు

ఛాందసం: మా మాటే మాట, వేరే మాట వినం అనే మొండి పట్టు.
శరణార్థి: ప్రాణభయంతో వేరే దేశంలో తలదాచుకునే మనిషి.
సాధన: ఒక పని బాగా రావడానికి రోజూ చేసే అభ్యాసం.
విజేత: పోటీలో గెలిచిన మనిషి.

మాట్లాడుకుందాం

1. ఫరీబా, యుల్దుజ్ దొంగ పేర్లు ఎందుకు రాయించారు? అది తప్పా, ఒప్పా?
2. మాసూమా చివర వచ్చింది. అయినా గెలిచిందని ఎందుకు అంటున్నాం?
3. ఆడవాళ్ళు చెయ్యకూడదని మన ఊళ్ళో అనే పనులు ఏమిటి? ఎవరంటారు? ఎందుకంటారు?
4. గుంపుగా తొక్కితే గాలి తగ్గుతుంది. మన ఊళ్ళో పదిమంది కలిస్తే తీరే కష్టం ఏది?

రాద్దాం

మీకు సైకిలు వస్తే ఒంటరిగా ఎక్కడికి వెళ్తారు? ఏం పని మీద వెళ్తారు? అయిదు వాక్యాలు రాయండి. రాసింది పక్కన కూర్చున్న అక్కకి చదివి వినిపించండి.