కిటికీ గట్టున కొత్తిమీర

“బాల్కనీ బట్టలారేయడానికే చాలదు, ఇంకా మొక్కలెక్కడక్కా?” అంటారు కదూ. బాల్కనీ అక్కర్లేదర్రా, ఎండ తగిలే కిటికీ ఒక్కటి చాలు. తూర్పు కిటికీ అయితే మరీ మంచిది. పొద్దుటెండకు ఆకు మాడదు. వెలుగు చాలకపోతే కాడలు పీలగా సాగి కిటికీ వైపు వాలిపోతాయి. అప్పుడు ఎరువెంత వేసినా లాభం లేదు, కుండీని వెలుగులోకి జరపాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను పుదీనాయే చెబుతాను. బజారులో కట్ట తెచ్చినప్పుడు కాస్త ముదురు కాడలు నాలుగు పక్కన పెట్టి, అడుగు ఆకులు తీసేసి గ్లాసు నీళ్లలో ఉంచండి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చండి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు దిగుతాయి. అవి వేలెడు పొడవు కాకముందే మట్టిలో నాటేయండి. దానికి కుండీ మాత్రం విడిగా ఉండాలమ్మా, పక్క మొక్కను బతకనివ్వదు. వంటకు కావాలంటే ఆకులు గిల్లకుండా, కణుపుకు కాస్త పైన కాడ తుంచండి. అక్కణ్నుంచి రెండు కొమ్మలు పుట్టి గుబురుగా పెరుగుతుంది.

కొత్తిమీరకు ఓపిక కావాలి. ధనియం ఒక గింజలా కనిపిస్తుంది కానీ అది కాయ, లోపల రెండు విత్తనాలుంటాయి. అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. మొలకకు రెండు వారాలు పట్టినా కంగారుపడొద్దు. లోతైన కుండీలో నేరుగా చల్లాలి. తల్లివేరు కదిలిస్తే దానికి గిట్టదు. వేడికి త్వరగా పూతకొచ్చేస్తుంది కాబట్టి మన ఊళ్లలో చలికాలమే దాని కాలం. ఎండలు ముదిరితే మెంతులు చల్లుకోండి. రెండు మూడు రోజుల్లో మొలిచి, బెత్తెడు ఎత్తుకే పప్పులోకి పనికొస్తాయి.

నీళ్ల విషయంలో గట్టిగా చెబుతున్నా. ఇంట్లో మొక్కలు ఎండిపోయి చచ్చేది తక్కువ, మనం ముద్దు చేసి రోజూ పోసే నీళ్లకు వేరు కుళ్లి చచ్చేవే ఎక్కువ. మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. కుండీ అడుగున చిల్లు తప్పనిసరి.

కరివేపాకు మాత్రం ఎండలో పెరిగే చెట్టు, కిటికీలో ఏడాదంతా ఉంచితే నీరసిస్తుంది. అమెరికాలో చలి ఎక్కువుండే ఊళ్లలో మన ఆడపిల్లలు దాన్ని కుండీలో పెట్టి ఎండాకాలం బయట, చలికాలం లోపల ఉంచుతారు. లోపలికి తెచ్చాక ఆకులు రాలితే చచ్చిపోయిందనుకుని పారేయకండి. కొమ్మను గోటితో కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే నీళ్లు తగ్గించి అలాగే వదిలేయండి, ఎండలొచ్చాక మళ్లీ చిగురేస్తుంది.