ముక్కున నెత్తురు కారుట: ఎల్లప్పుడును వేడిమి దోషమేనా?

పుట్టపర్తి ప్రాంతమున వేసవి వచ్చినతోడనే చిత్రావతి యిసుక కాగి పొడిగాలి వీచును. ఆ దినములలో తరగతియందు ఒకరిద్దఱు పిల్లలకు ముక్కున నెత్తురు కారుట మాకు క్రొత్త గాదు. “వేడి చేసినది” అని పెద్దలందురు. అందు చాలవఱకు నిజము కలదు. పొడిగాలికి ముక్కులోని పలుచని పొర యెండి చిట్లును. పిల్లవానిని కూర్చుండబెట్టి, తల ముందునకు వంచి, ముక్కు మెత్తని భాగమును పది నిమిషములు విడువక అదిమి పట్టవలెను. తల వెనుకకు వాల్చినచో నెత్తురు గొంతులోనికి దిగును.

కాని వేసవి గడచినను మానని ముక్కు వ్యాధి యొకటి కలదు. అది మిక్కిలి అరుదు. హెచ్చుగా నడివయస్సు వారికి వచ్చును; పిల్లలకును రావచ్చును. కావున తలిదండ్రులును దీనిని చదువవలెనని కోరుచున్నాము.

రోగక్రిముల నెదిరింపవలసిన తెల్ల రక్తకణములు కొందఱియందు దారి తప్పి, స్వదేహములోని సన్నని రక్తనాళముల గోడలనే దెబ్బతీయును. కావలివాడే యింటిపై బడినట్లగును. నాళములు వాచి యిఱుకు కాగా, వానిచే పోషింపబడు భాగము చెడును. జర్మనీలో 1931లో క్లింగర్, 1936లో వెగెనర్ దీనిని వర్ణించిరి. చాలకాలము ఇది వెగెనర్ పేరనే పిలువబడెను. ఆయనకు నాజీ పక్షముతో గల సంబంధము బయలుపడిన పిమ్మట, 2011లో వైద్యసంఘములు ‘గ్రాన్యులోమటోసిస్ విత్ పాలియాంజైటిస్’ అను పేరు నిర్ణయించినవి.

ఈ వ్యాధి తఱచుగా ముక్కు, చెవి, గొంతులయందే మొదట కనబడును. ముక్కు దిబ్బడ వేసి, నెత్తుటి పక్కులు కట్టి, మరల మరల రాలుచుండును. కొందఱికి నడిమి గోడకు రంధ్రము పడి, ముక్కు దూలము గుఱ్ఱపు జీనువలె క్రుంగును. చెవి మూసికొనిపోయినట్లయి వినికిడి తగ్గును. గొంతు బొంగురుపోవును. ఊపిరి పీల్చునపుడు ఈల వంటి ధ్వని వచ్చినచో శ్వాసమార్గము ఇఱుకైనదని యెఱిగి వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ముక్కు క్రుంగుట కుష్ఠువునందును కలదు; దగ్గుతో నెత్తురు పడుట క్షయయందును కలదు. కావున రూపము చూచి రోగమును నిర్ణయింపరాదు. అన్నిటికంటె భయంకరమైన విషయ మేమనగా, ఈ వ్యాధి నొప్పి లేకయే మూత్రపిండములను చెఱుపగలదు. మూత్రములో నెత్తురు గాని మాంసకృత్తు గాని యున్నదేమో సామాన్య పరీక్షవలననే తెలియును. 1985లో ఈ వ్యాధితో సంబంధము తెలిసిన ‘ఆంకా’ అను రక్తపరీక్షయు, చెడిన భాగమునుండి తీసిన చిన్న ముక్క పరీక్షయు నిర్ణయమునకు తోడ్పడును.

చికిత్స లేని కాలమున రోగులలో పెక్కుమంది యేడాదిలోపలనే మరణించుచుండిరి. 1970 తరువాత సైక్లోఫాస్ఫమైడ్, స్టిరాయిడ్ మందులచే ఆ గతి మాఱెను. 2011 నుండి రిటుక్సిమాబ్ అను మందును వాడుకలోనికి వచ్చెను. నేడు సకాలమున చికిత్స పొందినవారిలో హెచ్చుమంది జీవింతురు. అయినను వ్యాధి తిరుగబెట్టవచ్చును గనుక మందు తమంతట మానరాదు.

విద్యార్థులారా, ఒకనాటి నెత్తురునకు భయపడకుడు. కాని మీ యింట నెవరికైనను వారములకొలది నెత్తుటి పక్కులు, చెవి మందగింపు, కీళ్ల నొప్పులు, కండ్ల ఎఱుపు, జ్వరము కలసివచ్చినచో, వేడిమి యని సరిపెట్టుకొనక వైద్యునికడకు కొనిపొండు. మూత్రపరీక్షయు చేయుమని వినయముతో అడుగుడు. ఆ యొక్క మాట మూత్రపిండములను కాపాడవచ్చును.