పట్టా మీ పేరున ఉండాలి

సమస్య

మాది అండమాన్‌లోని శ్రీవిజయపురం, జంగ్లీఘాట్. పాత పేరు పోర్ట్‌బ్లెయిర్ అంటేనే మా వాళ్లకి ఇంకా అర్థమవుతుంది. మా మామగారు శ్రీకాకుళం నుంచి చేపల వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాలుగేళ్లుగా ఇంట్లోనే కొబ్బరిపాల నుంచి నూనె తీస్తున్నాను. రొయ్యల పచ్చడి, చేప పచ్చడి కూడా పెడతాను. సీసాల సైజులతో కలిపి ఎనిమిది రకాలు. అబర్డీన్ బజార్‌లో ఒక కొట్టులో పెడితే టూరిస్టులు కొంటారు. వాళ్లే ఊరెళ్లాక ఫోన్ చేసి మళ్లీ పంపమంటారు. నెలకి ముప్ఫై, నలభై పార్శిళ్లు మెయిన్‌ల్యాండ్‌కి వెళ్తున్నాయి.

రెండేళ్ల కిందట తెలిసిన కుర్రాడొకడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. పన్నెండు వేలు ఇచ్చాం. ఏడాది తిరిగేసరికి అది తెరుచుకోవడం మానేసింది. అతను ఫోన్ ఎత్తడు. సైట్ పేరు అతని ఖాతాలోనే కొన్నాడని తర్వాత తెలిసింది. సీసాల లేబుళ్లన్నిటి మీదా ఆ పేరే అచ్చు వేయించాం. ఇంకా ఆరొందల లేబుళ్లు అటక మీదే ఉన్నాయి. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

ఇప్పుడు ఒకరు షాపిఫై అంటారు, ఇంకొకరు వర్డ్‌ప్రెస్ అయితే ఉచితం అంటారు. ఒకచోట నలభై ఐదు వేలు అడిగారు. మా ఆయన ‘వాట్సాప్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు’ అంటున్నారు. నేను పదో తరగతి వరకే చదివాను. ఫోన్ బాగానే వాడతాను, కంప్యూటర్ లేదు. ఏది పెట్టుకోమంటారు?

– ఒక సోదరి

సలహా

అమ్మా, ఇక్కడ రెండు వస్తువులున్నాయి. వెబ్‌సైట్ ఇల్లయితే, డొమైన్ అనే ఆ పేరు దాని పట్టా. ఇల్లు పడిపోతే మళ్లీ కట్టుకోవచ్చు. పట్టా ఇంకొకరి దగ్గరుంటే మీ గుమ్మంలోకి మీరే వెళ్లలేరు. అందుకే ఏ ప్లాట్‌ఫామ్ అన్న ప్రశ్నకంటే ముందు డొమైన్ సంగతి చూడండి. మీ పేరు, మీ ఈమెయిల్, మీ ఫోన్ నంబరుతో, మీ చేతులతోనే డబ్బు కట్టి కొనండి. డాట్ ఇన్ పేరుకి సాధారణంగా ఏడాదికి వెయ్యి రూపాయల లోపే అవుతుంది. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడు పెంచుతారు కాబట్టి, రెన్యువల్ ధర అడిగి తెలుసుకోండి. సాయం చేసేవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి.

మీ ఆయన మాటలో సగం నిజముంది. ఎనిమిది రకాలకి, నలభై పార్శిళ్లకి ఆర్డర్ తీసుకోవడానికి వాట్సాప్ బిజినెస్ చాలు. అందులో కేటలాగ్ ఉంటుంది. ఫొటో, ధర, బరువు ఫోన్‌లోనే మార్చుకోవచ్చు. డబ్బు యూపీఐలో మీ ఖాతాకే వస్తుంది. అదే సైట్‌లో పేమెంట్ గేట్‌వే పెడితే మామూలుగా నూటికి రెండు రూపాయల చొప్పున, దాని మీద జీఎస్టీ కలిపి, కోసుకుంటారు. అయితే కోల్‌కతా వెళ్లిపోయిన టూరిస్టు మీ నంబరు పోగొట్టుకుంటే, లేదా మీ నంబరే మారితే, మిమ్మల్ని వెతుక్కునే చోటొకటి ఉండాలి కదా. అందుకు ఒక్క పేజీ కావాలి.

ఆ పేజీని గూగుల్ సైట్స్‌లో కట్టుకోండి. ఖర్చు లేదు, మీ సొంత డొమైన్ దానికి తగిలించుకోవచ్చు. కట్టే రోజు మాత్రం ఎవరిదైనా కంప్యూటర్ కావాలి, ఫోన్‌లో దిద్దడం కష్టం. కాబట్టి మారే ధరలు, సరుకు వివరాలు కేటలాగ్‌లోనే ఉంచి, మారనివి పేజీలో పెట్టండి: మీరెవరు, నూనె ఎలా తీస్తారు, పార్శిల్ ఎలా వస్తుంది, వాట్సాప్ బటన్. రాత హిందీలో, ఇంగ్లిష్‌లో ఉండాలి. పైన తెలుగులో ఒక పలకరింపు ఉంటే విశాఖలోని మనవాళ్లు సంతోషిస్తారు.

ఉచితం అంటే ఎప్పటికీ ఉంటుందని కాదు. గూగుల్ తన బిజినెస్ ప్రొఫైల్‌తో ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లని 2024 మార్చిలో మూసేసింది. రేపు ఇదీ మూతపడినా, డొమైన్ మీదైతే దాన్ని ఇంకో చోటికి తిప్పుకుంటారు. లేబుల్ మార్చే పని ఉండదు.

షాపిఫై మంచిదే, కానీ నెలనెలా అద్దె. వానల్లో టూరిస్టులు పలచబడ్డా ఆ అద్దె తగ్గదు. వాట్సాప్‌లో జవాబులివ్వడానికే మీ సాయంత్రాలు చాలనప్పుడు దాని సంగతి ఆలోచించండి. వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని, హోస్టింగ్‌కి అద్దె కట్టాలి, అప్‌డేట్లు చూసుకోవాలి, పాడైతే బాగుచేసే మనిషి కావాలి. ఆ మనిషి దొరక్కే కదా మీకీ కష్టం వచ్చింది. నలభై ఐదు వేలు మాత్రం ఇవ్వకండి.

చెన్నై నుంచి సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న మొదలయ్యాక మీ నెట్ బాగుపడింది. అంతకుముందు ఉపగ్రహం మీద వచ్చే నెట్‌తో ఫొటో ఎక్కించడమే గగనంగా ఉండేది. సరుకు మాత్రం ఇప్పటికీ ఓడలోనో విమానంలోనో వెళ్లాల్సిందే. ఏ ప్లాట్‌ఫామూ ఆ దూరాన్ని తగ్గించలేదు. ‘ఫ్రీ డెలివరీ’ అని రాయకండి. నిండు సీసాని పెట్టెలో సర్ది, తూకం వేసి, స్పీడ్‌పోస్ట్‌కి ఎంతవుతుందో కనుక్కుని, అర కిలోకి ఇంత, కిలోకి ఇంత అని పేజీలోనే చెప్పండి. నూనెని విమానం పార్శిల్‌లో తీసుకుంటారో లేదో కౌంటర్‌లో ముందే అడగండి. పాత రసీదులు బయటికి తీసి, అన్నిటికంటే ఆలస్యమైన పార్శిల్ ఎన్నాళ్లకి చేరిందో చూసి, ఆ గడువే రాయండి. ముందే చెప్పిన ఆలస్యాన్ని కొనేవాళ్లు ఓర్చుకుంటారు.

ఇంకో విషయం చెప్పకపోతే తప్పవుతుంది. ఇంట్లో పెట్టిన పచ్చడి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు లేబుల్ మీద వేయాలి. అండమాన్ నుంచి ఆంధ్రాకో బెంగాల్‌కో పన్ను వర్తించే సరుకు పంపితే, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. కొన్ని హస్తకళా వస్తువులకే మినహాయింపు, నూనెకి, పచ్చడికి కాదు. వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకున్నా ఇదే లెక్క. ఇప్పటికే పార్శిళ్లు పంపుతున్నారు కాబట్టి ఆలస్యం చెయ్యకుండా ఒక ఆడిటర్‌ని కలవండి. కొత్త సైట్ మీద పెట్టే డబ్బులో కొంత అటు పెట్టడమే మంచిది.

ఇక ఆ ఆరొందల లేబుళ్లు. ఆ కుర్రాడు డబ్బు కట్టక డొమైన్ గడువు తీరిపోయి ఉంటే, ఎవరూ తీసుకోని పక్షంలో అదే పేరు మీరే కొనుక్కోవచ్చు. డొమైన్లు అమ్మే ఏ సైట్‌లోనైనా ఆ పేరు కొట్టి చూస్తే ఖాళీగా ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది. కొత్త పేరు ఆలోచించే ముందు, ఈ రాత్రే ఫోన్‌లో వెతికి చూడండమ్మా.