ఫ్యాక్టరీ రాకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించండి

భైంసా నుంచి నిర్మల్ పోయే రోడ్డు మీద 2024 నవంబరు 26న బండ్లు కదలలేదు. దిలావర్‌పూర్, గుండంపల్లి రైతులు ఆడామగా, పిల్లాజెల్లాతో రోడ్డు మీద కూర్చున్నారు. తమ ఊళ్ల దగ్గర కడుతున్న ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని వారి మాట. మాట్లాడటానికి వచ్చిన ఆర్డీవోను గంటల తరబడి కదలనివ్వలేదు. మర్నాడు పనులు ఆపుతున్నట్టు కలెక్టర్ ప్రకటించారు.

గొడవ సంగతి అలా ఉంచితే, ఇందులో మన రైతులందరికీ ఒక పాఠం ఉంది. మా బోర్లు ఏమైతాయి, వాగులోకి ఏం వదులుతారు అన్న ప్రశ్న గోడలు లేచినంక అడిగేది కాదు. కాగితాల దశలోనే అడగాలి.

అన్ని ఫ్యాక్టరీలూ ఒక్కటి కావు

భైంసాలో జిన్నింగ్ మిల్లులు మనకు కొత్త కాదు. వాటితో దుమ్ము, చప్పుడు, నిప్పు భయం ఉంటాయి గాని మురుగు నీళ్ల బాధ తక్కువ. ఇథనాల్ సంగతి వేరు. మక్కలు, నూకలు పిండి చేసి, నీళ్లు కలిపి, ఈస్టుతో పులియబెట్టి, కాచి సారం తీస్తారు. అడుగున మిగిలే నీళ్లనే స్పెంట్ వాష్ అంటారు. అందులో కుళ్లే పదార్థం చాలా ఎక్కువ. అది వాగులో పడితే, దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లలోని ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపలు చస్తాయి. అదే పనిగా చేనులో పారితే నేలలో ఉప్పు పేరుకుంటుంది.

దీనికి ఉపాయం లేకపోలేదు. ఆ నీళ్లను ఇగరబెట్టి, మిగిలిన ముద్దను ఎండబెడితే డీడీజీఎస్ అనే పశువుల దాణా అవుతుంది. చుక్క కూడా గోడ దాటకూడదు. అయితే ఆ మిషన్లు నడపడానికి ఆవిరి, కరెంటు ఖర్చవుతాయి. అవి రోజూ నడుస్తున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మంచి కూడా చెప్పుకోవాలి. ఇట్లాంటి ఫ్యాక్టరీ సరిగ్గా నడిస్తే మక్క రైతుకు దగ్గరలో ఇంకొక కొనుగోలుదారు దొరుకుతాడు. కాబట్టి ఊరికే వద్దనడమూ, ఊరికే సరేననడమూ రెండూ తప్పే.

కాగితాల్లో ఏం చూడాలి

కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ ప్రకారం పెద్ద పరిశ్రమలకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. సభలో చెప్పిన మాటలు రాసుకుని, అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. సభకు పోలేని వారు రాసి పంపవచ్చు.

కాని 2021లో, పెట్రోలులో కలిపే ఇథనాల్ తయారీకి ఈ సభ లేకుండానే అనుమతి పొందే వీలు కేంద్రం కల్పించింది. సభ లేని చోట ఊరికి సంగతి తెలిసేది సిమెంటు లారీలు వచ్చినప్పుడే.

సభ లేకపోయినా కొన్ని హక్కులు పోవు. అనుమతి వచ్చిన 7 రోజుల్లో కంపెనీ రెండు స్థానిక పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. షరతులు ఎలా పాటిస్తున్నదీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అది అందరూ చూడదగిన కాగితమే. అందులో మూడు సంగతులు వెతకండి: రోజుకు ఎన్ని నీళ్లు తీసుకుంటారు, ఎక్కడి నుంచి తీసుకుంటారు, వాడిన నీళ్లు ఎటు పోతాయి.

నమూనా తీసే పద్ధతి

రేపు బోరు నీళ్లు రంగు మారితే, ముందునుంచే అట్లున్నాయి అని ఎదుటివారు అనవచ్చు. ముందరి పరీక్ష కాగితం లేకపోతే రైతు నోరు కట్టేసినట్టే. పునాది పడకముందే ఈ పని చేయండి.

1. ఫ్యాక్టరీ స్థలానికి నాలుగు దిక్కులా, ముఖ్యంగా పల్లం వైపు బోర్లు, బావులు ఎంచుకోండి. వాగులో ఎగువన ఒకటి, దిగువన ఒకటి తీయండి.
2. బోరును పది పదిహేను నిమిషాలు నడిపినంక పట్టండి.
3. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి గట్టిగా మూత పెట్టండి.
4. రైతు పేరు, సర్వే నంబరు, తేదీ, టైము రాసి అంటించండి. నీడలో, చల్లగా ఉంచి 24 గంటల్లోపు ల్యాబుకు చేర్చండి.
5. ఎండకాలం ఒకసారి, వానలు తగ్గినంక ఒకసారి తీయండి. బోరు నీటిమట్టం కూడా రాసుకోండి.

సాగు నీటి పరీక్షకు భూసార పరీక్షా కేంద్రంలో, తాగునీటికి గ్రామీణ నీటి సరఫరా ల్యాబులో అడగండి. ఉదజని సూచిక 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది. ఫలితాలు వచ్చినంక ఒక నకలు పంచాయతీలో ఇచ్చి, రసీదు తీసుకోండి.

బడికి రంగు వేస్తే సరిపోదు

కొన్ని కంపెనీలు బడికి బెంచీలు ఇస్తాయి, కంటి శిబిరం పెడతాయి. మంచిదే. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు పెట్టాలి, అందులో చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలి. అయితే అది కాలుష్యానికి ఇచ్చే పరిహారం కాదు. మురుగు నీళ్లు శుద్ధి చేసుకోవడం కంపెనీ చేయక తప్పని పని, దాన్ని ఊరికి చేసిన మేలుగా లెక్క చెప్పకూడదు.

ఊరికీ ఫ్యాక్టరీకీ నిజమైన సంబంధం ఎట్లుంటదో చూడాలంటే భద్రాచలం దగ్గర సారపాక కాగితం మిల్లు ఒక ఉదాహరణ. మిల్లుకు కర్ర కావాలి, రైతుకు కొనేవాడు కావాలి. అక్కడి కంపెనీ మేలు రకం జామాయిల్ మొక్కలు తయారుచేసి రైతులకు అందించింది. ఒకరి అవసరం ఒకరికి ఉన్న చోట మాటకు విలువ ఉంటుంది.

మన దగ్గరా అంతే. కంపెనీ మనిషి ఊరికి వచ్చి ఏం కావాలని అడిగితే గుడి, కమాను అనకండి. నెలనెలా మా బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఆ ఫలితం పంచాయతీ గోడ మీద అంటించండి అని అడగండి. ఆ మాట గ్రామసభ తీర్మానంలో రాయించండి.