చేతి కోసం కాలి నరం తీస్తే, మరి కాలి సంగతి?



బండి మీద నుంచి పడి భుజం దగ్గర నరాలు తెగిన ఒక అబ్బాయికి పట్నంలో ఆపరేషన్ చేసి, కాలి నుంచి నరం తీసి అతికించారు. కుట్లు మా దగ్గరే విప్పించుకున్నాడు. ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు, చేతి కోసం కాదు, కాలి పుండుకు కట్టు కట్టించుకోవడానికి. కొత్త చెప్పు కరిచిన సంగతి రక్తం చూసేదాకా అతనికి తెలియలేదు. "కాలు కూడా పడిపోతుందా సిస్టరమ్మా?" అని వాళ్ళమ్మ ఏడ్చింది. కుట్లు విప్పిన రోజు చేతి వ్యాయామాల గురించి అరగంట చెప్పిన నేను, కాలి గురించి ఒక్క మాట చెప్పలేదు. అందుకే ఈ పాఠం.

ఏ నరం తీస్తారు?

మనవాళ్ళు రక్తనాళాన్ని కూడా నరమే అంటారు. ఇక్కడ చెప్పేది స్పర్శను, కదలికను మోసే నరం గురించి. తెగిన నరం కొసలు ఒకదానికొకటి అందనప్పుడు మధ్యలో వేరే నరం ముక్క పెడతారు. ఎక్కువగా తీసేది సూరల్ నరం. ఇది పిక్క వెనుక నుంచి బయటి చీలమండ వెనుకగా చిటికెన వేలి వైపు పోతుంది. ఇది స్పర్శ నరం, కండరాలను కదిలించదు. కాబట్టి దీనిని తీసినందువల్ల కాలు పడిపోదు, నడిచే బలం పోదు.

అతికించిన ముక్క వంతెన వంటిది. నరం పోగులు దాని గుండా రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. అందుకే చేతికి ఫలితం నెలలు, సంవత్సరాలు పడుతుంది.

కాలిలో ఏమి మిగులుతుంది?

1. మొద్దుబారడం: మడమ బయటి పక్క, పాదం బయటి అంచు. పక్క నరాల సాయంతో నెలలు గడిచేకొద్దీ ఈ మేర తగ్గుతుంది. కొంత చోటు జీవితాంతం అలాగే ఉండవచ్చు.

2. తిమ్మిరి, చలికి జివ్వుమనడం: చాలామందికి క్రమంగా తగ్గుతుంది.

3. నొప్పి గడ్డ: కొద్దిమందిలో, తెగిన నరం కొస గడ్డకట్టి, తాకితే కరెంటు షాకు కొట్టినట్లుంటుంది. దీనిని న్యూరోమా అంటారు. మర్దన చేయించకండి, డాక్టరుకు చూపించండి. చికిత్స ఉంది.

4. పిక్క వెనుక మచ్చ.

జాగ్రత్తలు

కుష్ఠు రోగుల పాదాలు పాడవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియక తగిలే గాయాలేనని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చూపించారు. డిచ్‌పల్లి ఆసుపత్రి తెలిసిన పెద్దలకు ఇది కొత్త మాట కాదు. ఇక్కడ మొద్దుబారేది చిన్న చోటే అయినా సూత్రం అదే.

• రోజూ రాత్రి పాదం కడిగి, దీపం వెలుగులో బయటి అంచు చూడండి.
• మంచిర్యాల ఎండల్లో తారు రోడ్డు మీద చెప్పులు లేకుండా నడవకండి.
• కొత్త చెప్పులు మొదట గంటసేపే వేసుకోండి.
• వేడినీళ్ళను బాగున్న చేతితో చూశాకే కాలు పెట్టండి. కాపడం వద్దు.
• పుండు ఎర్రబడినా, వాచినా ఆ రోజే రండి.
• షుగరు ఉన్నా, పాదాల్లో ముందే తిమ్మిరి ఉన్నా ఆపరేషన్‌కు ముందే సర్జనుకు చెప్పండి. ఏ కాలి నుంచి తీస్తారో, తరువాత ఏముంటుందో అడగండి. అడగడం మీ హక్కు.

ఆ అబ్బాయి పుండు మూడు వారాల్లో మానింది. చేతికి ఇంకా ఓపిక పట్టాలి. ఇప్పుడు వాళ్ళమ్మ రోజూ రాత్రి అతని పాదం చూస్తోంది. నేను మాత్రం కుట్లు విప్పే ప్రతి రోజూ కాలి గురించే ముందు చెబుతున్నాను.