పిల్లవేరు ఎక్కడ పుడుతుంది?

కాండం మీద కొమ్మ మొగ్గలోంచి వస్తుంది కదా, వేరు మీద పిల్లవేరు కూడా అలా పైపైనే మొలుస్తుందని నేను అనుకునేదాన్ని. మా బోటనీ ల్యాబులో వేరు అడ్డుకోత చూశాక తెలిసింది. పిల్లవేరు పుట్టేది బాగా లోపల, పరిచక్రం అనే పొరలో. అక్కడినుంచి అంతశ్చర్మాన్ని, వల్కలాన్ని, పైపొరను తోసుకుని బయటపడుతుంది. తల్లివేరు, పిల్లవేరు అని పేర్లు పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు!

పరిచక్రంలో ఏ కణం వేరుగా మారాలో చెప్పేది ఆక్సిన్ అనే హార్మోను. కొమ్మ నాటేముందు నర్సరీవాళ్ళు మొదలుకు అద్దే పొడి ఈ జాతిదే. సైటోకైనిన్ అనే ఇంకొకటి దీనికి అడ్డుపడుతుంది. ఆ కథ ఇంకోసారి.

నాకు బాగా నచ్చింది 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన సంగతి. మట్టిలో వేరు దిగుతూ దిగుతూ మధ్యలో డొల్ల తగిలితే, ఆ గాలిసందులో ఉన్నంత మేర పిల్లవేళ్ళు వేయదు. మళ్ళీ తడిమట్టి తగిలితే వేస్తుంది. ఎలా తెలుస్తుంది దానికి? నీరు నడిచే దిక్కును బట్టి. తడిమట్టిలో నీరు బయటినుంచి లోపలికి వస్తుంది, దానితోపాటే ఆక్సిన్ కూడా పరిచక్రం వైపు చేరుతుంది. డొల్లలో బయట నీరుండదు. అప్పుడు వేరుకొన లోపలి పోషక కణజాలం నుంచే నీరు తీసుకుంటుంది. ఆ నీటితో ఆబ్సిసిక్ ఆమ్లం లోపలినుంచి బయటికి వచ్చి, కణానికీ కణానికీ మధ్య ఉండే సన్నని దారులను మూసేస్తుంది. ఇంట్లో గదుల తలుపులు వేసేసినట్టు! ఆక్సిన్ బయటే ఆగిపోతుంది, పిల్లవేరు పుట్టదు.

మా హోసూరు వైపు టమాటా నారు నాటేటప్పుడు అవ్వ బొటనవేళ్ళతో మొదలు చుట్టూ మట్టి అదుముతుంది, లోపల డొల్ల ఉండకూడదని. కూలి ఖర్చు తగ్గుతుంది, ఈసారి కాలితో తొక్కి నాటిద్దాం అంటాడు మా నాయన. మరీ తొక్కినా చిక్కే. మట్టి గట్టిపడితే వేరు వదిలే ఇథిలీన్ వాయువు బయటికి పోలేక దాని చుట్టూనే పేరుకుంటుంది, అప్పుడు వేరు ఎదుగుదలే ఆగిపోతుంది. ఈ మాట చెప్తే నాయన నమ్మలేదు. అవ్వ అయితే నవ్వింది.

పోయిన ఆదివారం రెండు సాళ్ళు వేలితో అదిమి, రెండు సాళ్ళు కాలితో తొక్కి నాటాం. నెల తిరిగాక ఒక్కో సాలులో ఒక మొక్క పీకుతాం. మేడమ్ గారు ఒప్పుకుంటే ఆ వేళ్ళు ఈ బోర్డు పక్కనే పెడతాను, లెక్కపెట్టడానికి మీరూ రండి.