ఆసా పాదములు, మన పాదములు

పఠన భాగము: 2 దినవృత్తాంతములు 16:7–12

యూదా రాజైన ఆసా తన యేలుబడిలో 39వ యేట పాదముల వ్యాధికి లోనయ్యెను. అది యే వ్యాధియో గ్రంథము చెప్పలేదు. అయినను ఈ భాగమునే చూపి, షుగరు జబ్బు గలవారితో “విశ్వాసముంటే ఇన్సులిన్ ఎందుకు?” అనువారి మాట మేము పల్లె సంఘములలో వినుచున్నాము. ఆ మాట నమ్మి సూది మానుట ప్రాణాపాయము.

ఆసా తప్పు వైద్యుని పిలుచుట కాదు, దేవుని విడుచుట. గద్దించిన దీర్ఘదర్శిని బంధించిన గర్వమే అతని వ్యాధిలోను నిలిచెను. హిజ్కియా ప్రార్థించెను, అతని పుండుమీద అంజూరపు ముద్దయు వేసిరి (2 రాజులు 20:7). లూకా వైద్యుడే గదా (కొలొస్సయులకు 4:14).

మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. దానిని కండరములకు అందించునది క్లోమగ్రంథిలో పుట్టు ఇన్సులిన్. అది చాలకున్నను, దేహము దానికి లోబడకున్నను చక్కెర రక్తములోనే నిలిచి కండ్లను, మూత్రపిండములను, గుండెను, నరములను మెల్లగా చెరుపును. 1922 జనవరిలో టొరంటోలో 14 ఏండ్ల బాలునికి మొదట ఇన్సులిన్ ఇచ్చిరి. అంతకు ముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు కొద్దికాలములోనే మరణించుచుండిరి. ఇది దేవుని కృపాదానము కాదా?

ఇంటివారు గమనింపవలసినవి:

1. నరములు మొద్దుబారినచో ముల్లు గ్రుచ్చుకొనినను తెలియదు. పుండు మానక కాలు తీయవలసి రావచ్చును. రోగి పొలమునకైనను చెప్పులు లేక పోరాదు. ప్రతి సాయంకాలము కుటుంబ ప్రార్థనకు ముందు అతని పాదములు కడిగి, తడి ఒత్తి, అరికాళ్లను, వ్రేళ్ల సందులను చూడుడి. శిష్యుల పాదములు కడిగిన ప్రభువు (యోహాను 13) మనకు మాదిరి.

2. సూదిగాని మాత్రలుగాని వాడువారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. చెమట, వణుకు పుట్టినచో వెంటనే పంచదార నీళ్లు త్రాగవలెను. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చుడి.

3. పరగడుపు పరీక్షలో 126 లేక అంతకు మించినచో ఆలస్యము చేయక వైద్యుని చూడుడి.

ప్రియులారా, సూది వేసికొనునప్పుడు ప్రార్థించుడి. ప్రార్థించితిమని సూది మానకుడి.

కూటములో చర్చించుటకు: ఆసాకును హిజ్కియాకును గల భేదమేమి? మన సంఘములో ఎవరి పాదములను చూచువారు లేరు?